కుర్చీ వేసిన పాపానికి

మా తెనాలి వాళ్ళ లెక్కలో రైలు వాల్తేరు చేరిందంటే దేశం అక్కడితో సరి. ఆ తరవాత ఏవో ఊళ్ళున్నాయని, అవి దాటితే కలకత్తా వస్తుందని మాత్రం విన్నాం. నేను ఎం.ఏ. చదవడానికి వాల్తేరు వచ్చి ఏడాదిన్నర అయినా అంతకు మించి ఉత్తరానికి అడుగు పెట్టలేదు. అరవై ఎనిమిది మార్చిలో పెట్టించింది మా ప్రొఫెసర్ గారు.

మాది కార్మిక సంక్షేమం చదువు. అందులో ఆ ఏడే కొత్తగా ఒక పేపరు చేర్చారు. వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు అలవాట్ల మనుషులు ఒకచోట పని చేసేటప్పుడు ఒకరి మాట, ఒకరి మర్యాద ఇంకొకరికి ఎలా అందుతుంది, ఎక్కడ అందకుండా పోతుంది అన్నది దాని విషయం. పుస్తకాలన్నీ పరదేశాల్లో అచ్చయినవి. మన దగ్గర సంగతి మనమే చూసి రావాలని తలా ఒక ఫ్యాక్టరీ అప్పజెప్పి, వారం రోజులుండి నివేదిక రాయమన్నారు. ఆ పేపరులో సగం మార్కులు ఆ నివేదికకే. నాకు విజయనగరం చుట్టుపక్కల ఒక జనపనార మిల్లు వచ్చింది. దాని పేరు రాయను. నెల్లిమర్ల మిల్లు కాదని మాత్రం చెప్పగలను. దాని పొగగొట్టాన్ని నేను రైలు కిటికీలోంచే చూశాను.

విజయనగరం

స్టేషను బయట జట్కా అతను "ఎటెల్తావమ్మా?" అని అడిగాడు. మా ఊళ్ళో అయితే జట్కావాడు ఆడపిల్లను నువ్వు అంటే మా నాన్న బండి దిగిపోతాడు. ఇక్కడ పాలమ్మే ఆవిడ నుంచి పోస్టుమాను దాకా అందరూ నువ్వనే పిలిచారు. రెండో రోజుకి నాకే ‘మీరు’ అని వినిపిస్తే ఎవరో కోపంగా ఉన్నారేమో అనిపించడం మొదలైంది.

నాకు బస రత్నమ్మ టీచరు గారింట్లో. వాళ్ళది పాత బాప్టిస్టు కుటుంబం, ఆవిడ మిషను బడిలో పంతులమ్మ. మొదటి పూట పనసపొట్టు కూర వడ్డించారు. ఆకలి మీద ఉన్నానేమో, వడ్డించగానే రెండు ముద్దలు మింగేశాను. తలెత్తి చూస్తే ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. మూడో ముద్ద నోట్లోనే ఉంది. నమలడమా, ఆపడమా తెలియక ఉండగా కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కింది. ప్రార్థన ముగిసేసరికి నా కళ్ళ వెంట నీళ్ళు.

"ఒలమ్మా, ప్రార్థనకి ఇంత కరిగిపోనాదేటి ఈ పిల్ల" అన్నారు రత్నమ్మ గారు. ఆవిడకు సంగతి తెలుసు. మిగతా వాళ్ళు మాత్రం నన్ను చాలా భక్తురాలిగా ఎంచారు.

మిల్లు

మిల్లులో లేబరు ఆఫీసరు గారిది కోయంబత్తూరు. వచ్చి ఆరు నెలలైంది. పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నారు కాబట్టి ఆయన తెలుగు నా తెలుగు కన్నా శుద్ధంగా ఉంది. పనివాళ్ళకు అందులో సగమే అర్థమయ్యేది. మంచి మనిషి. తన గది పక్కనే ఒక చిన్న గది ఖాళీ చేయించి, నాకొక బల్ల, కుర్చీ వేయించారు. నేను ఇంకో కుర్చీ కూడా కావాలని అడిగాను.

కుర్చీ సంగతి మా ప్రొఫెసర్ గారు మరీ మరీ చెప్పి పంపారు. మనం కూర్చుని, ఎదుటి మనిషిని నిలబెట్టి అడిగితే నిజం రాదు, ముందు సమానంగా కూర్చోబెట్టండి, ఆ తరవాతే ప్రశ్న అని. పరీక్షలో అది రాసి నేను మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సోమవారం నలుగురు మగ్గంపనివాళ్ళు వచ్చారు. నలుగురూ కుర్చీ వంక చూసి గోడ దగ్గరికి జరిగి నిలబడ్డారు. ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఏది అడిగినా "బాగున్నాదమ్మా" అన్నదొక్కటే జవాబు. బిడియం కాబోలు అనుకున్నాను. నోటుపుస్తకంలో ‘బిడియం’ అని రాసుకుని కింద గీత కూడా గీశాను.

మంగళవారం సింహాచలం వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. పందొమ్మిదేళ్ళుగా ఒకే మగ్గం మీద ఉన్నాడట. అతని తండ్రి కూడా ఆ మిల్లులోనే చేశాడు. ఈసారి పట్టు విడవకూడదనుకున్నాను.

"కూర్చోండి సింహాచలం గారూ" అన్నాను.

"వొద్దమ్మా, ఇలాగుంటాను."

"మీరు కూర్చునే దాకా నేనూ కూర్చోను" అని లేచి నిలబడ్డాను.

అతను నా వంక చూసి, తరవాత తలుపు వంక చూశాడు. "ఇంతేనా అమ్మా" అన్నాడు.

"ఇంతే, కూర్చోవడమేగా" అని నవ్వాను.

కుర్చీ అంచున కూర్చున్నాడు. అడిగిన ప్రశ్నలన్నిటికీ నిదానంగా జవాబు చెప్పాడు. పైవాళ్ళతో ఎప్పుడైనా ఇబ్బంది కలిగిందా అంటే "ఇన్నాళ్ళూ ఏటీ లేదు" అన్నాడు. నేను నా పద్ధతి ఫలించిందని మురిసిపోయాను. లేచేటప్పుడు అతను చొక్కాకున్న ఇత్తడి టోకెను తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఈ గదిలోకి వచ్చినవాళ్ళు అలా పెట్టాలేమో, తరవాత వచ్చి తీసుకుంటారేమో అనుకుని దాన్ని సొరుగులో వేశాను.

బుధవారం పొద్దున ఆఫీసరు గారు వచ్చి, నిన్న మధ్యాహ్నం నుంచి సింహాచలం మగ్గం దగ్గర లేడన్నారు. నేను సొరుగు తీసి టోకెను చూపించాను. ఆయన ముఖం మారిపోయింది.

"టోకెను ఇచ్చి వెళ్ళిన పనివాడు పని విడిచినట్టేనమ్మా. మూడవ దినం ఉదయం మిల్లు కూత లోపల వచ్చి తీసుకొనకపోతే పేరు తీసివేస్తారు. అనగా శుక్రవారం."

ఎందుకు మానేశాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. మగ్గాల దగ్గరికి వెళ్ళి అడిగితే ఎవరూ తలెత్తలేదు. ఆఖరుగా నాతో మాట్లాడిన మనిషి కాబట్టి వెళ్ళి కనుక్కుంటానని, టోకెను అడిగి తీసుకుని, చీపురుపల్లి రైలెక్కాను. అతని ఊరు ఆ స్టేషను నుంచి రెండు మైళ్ళు.

చీపురుపల్లి

ఇంటి ముందు ఒకావిడ చోళ్ళు, అంటే మా వైపు రాగులు, చెరుగుతోంది. సింహాచలం భార్య, పేరు నరసమ్మ. నోట్లో చుట్ట ఉంది కాని నిప్పు కనిపించలేదు. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పున్న కొన నోటి లోపలికి పెట్టి కాలుస్తారని నాకు అప్పటికి తెలియదు. మాట్లాడటానికి ఆవిడ చుట్ట బయటికి తీసేసరికి ఎర్రటి కొన చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నువ్వేనా కుర్సీ ఏసిన అమ్మవి?" అంది.

నేనేనన్నాను. ఇంకా సంగతి అర్థం కాలేదు.

"ఆ మిల్లులో కుర్సీ ఏసినారంటే పని పోనట్టే కదమ్మా. దొరలున్నప్పటి నుంచీ అంతే. పన్లోంచి తీసీసే మనిషిని గదిలోకి పిలిసి, కుర్సీలో కూకోబెట్టి, మెల్లగా సెప్పీవోరు. మా మావగోరికీ అలాగే సెప్పినారు. మరింకెప్పుడూ ఎవుల్నీ కూకోమన్నది లేదు. ఫలానావోడికి కుర్సీ ఏసీసినారంట అంటే ఊరందరికీ తెలిసిపోద్ది."

నేను ఆ అరుగు మీదే కూలబడ్డాను. పాత మేనేజర్లు తమ దేశపు మర్యాద కొద్దీ ఆ ఒక్క సమయంలో కుర్చీ వేసి ఉంటారు. ఆ మర్యాదను ఈ మనుషులు తమ అనుభవం కొద్దీ అర్థం చేసుకున్నారు. ఆరు నెలల కిందట వచ్చిన ఆఫీసరు గారికి ఇది ఎవరూ చెప్పలేదు. నేనైతే రెండు రోజులు వరసగా ఐదుగురిని కూర్చోమని ప్రాణం తీశాను. మా పేపరుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని కూడా ఆ క్షణంలోనే తోచింది, ఆ మాట దాచను.

"మరి తెలిసీ ఎందుకు కూర్చున్నాడు?"

"అమ్మ నిలబడిపోనాది, నాను కూకోక ఏటి సేస్తాను అన్నాడు."

అతను అప్పుడే నౌపడ వెళ్ళిపోయాడట. నరసమ్మ తమ్ముడు గవరయ్య అక్కడ ఉప్పు మడుల్లో పని చేస్తాడు. ఎండలు ముదిరే రోజులు కాబట్టి అక్కడ పని దొరుకుతుంది. నేను రేపు పొద్దున్నే వెళ్తానన్నాను.

"ఒంటిగా ఏలెల్తావు? నానూ వస్తాను. ముందు ఇది తాగు" అని సత్తు గిన్నెలో చోడి అంబలి పోసి ఇచ్చింది, పక్కన ఒక ఉల్లిపాయ. మా ఇంట్లో రాగులు జబ్బు పడ్డవాళ్ళకే కాస్తారు. ఉప్పు, మజ్జిగ కలిసి అది ఇంత చల్లగా, ఇంత పుల్లగా ఉంటుందని తెలియదు. రెండో గిన్నె నేనే అడిగాను. ఆ సాయంత్రం స్టేషను నుంచి రత్నమ్మ గారికి మనిషి చేత కబురంపి, నరసమ్మ ఇంట్లోనే పడుకున్నాను.

రైల్లో

గురువారం తెల్లవారగానే ప్యాసింజరు. నరసమ్మ కిటికీ పక్కన కూర్చుని చుట్ట వెలిగించి తిరగేసింది. నోరు కాలదా అని అడిగాను.

"సెగ లోపలుంటే గాలికి ఆరిపోదు. మీ ఊళ్ళో ఆడోళ్ళు కాల్చరేటి?"

"కాల్చరు."

"మరి పన్ను నొప్పొస్తే ఏటి సేస్తారు?" అని నిజంగానే జాలిపడింది.

ఆమదాలవలసలో ఒక కానిస్టేబులు ఎక్కాడు. ఆ జిల్లా కొండల వైపు అప్పుడు గిరిజనులకూ భూస్వాములకూ గొడవలుగా ఉంది. చదువుకున్న మనిషి చేతిలో కాగితాల కట్ట కనిపిస్తే పోలీసులు ఊరుకునేవాళ్ళు కాదు. నా ప్రశ్నపత్రాలు తీసుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ‘మీ పై అధికారి మీతో ఎలా మాట్లాడతారు?’ దగ్గర ఆగాడు.

"ఎవులమ్మా ఇవి అడగమన్నారు? నువ్వెవులు?"

నేను నోరు తెరిచేలోపల నరసమ్మ "మా మేనకోడలు. కాలేజీ సదువు. దానికేటి తెలుసు, పంతులు రాయమన్నాడు, రాసినాది" అంది. అతను ఆ కాగితాన్ని ఇంకోసారి చదివి, "ఇది మమ్మల్నీ అడగాల" అని తిరిగి ఇచ్చేసి పక్క పెట్టెలోకి వెళ్ళాడు. నా జాబితాలో అంత సూటిగా మాట్లాడిన ఉద్యోగి మరొకరు లేరు.

నౌపడ

నౌపడలో పెద్ద రైలు దిగిన జనంలో సగం పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు వైపు పరుగెత్తారు. మేము ఊరి బయట మడులకు నడిచాం. చెట్టు లేదు, నీడ లేదు. చదును చేసిన మడుల్లో ఉప్పునీళ్ళు, గట్ల మీద తెల్లటి కుప్పలు. కాసేపటికి కళ్ళు మండి పెదవులు పగిలినట్టయ్యాయి. పనివాళ్ళు మోకాళ్ళ పైకి పంచెలు గోచీ పెట్టి, పొడుగు కర్రకు పలక బిగించిన ‘పట్టు’ అనే పనిముట్టుతో ఉప్పును గట్టుకు లాగుతున్నారు. వాళ్ళలో ఒడియా వాళ్ళూ, తెలుగు వాళ్ళూ ఉన్నారు. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. పని ఎలా చెప్పుకుంటారని గవరయ్యను అడిగాను.

"పక్కన నిలబడి సూపిస్తాం" అన్నాడు. దీనికి చదువు దేనికన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు.

సింహాచలం మడి మధ్యలో ఉన్నాడు. పందొమ్మిదేళ్ళు మగ్గం మీద ఆడిన చేతులకు ఆ పట్టు లొంగడం లేదు. అరచేతులకు గుడ్డ పేలికలు చుట్టుకున్నాడు, వాటి మీద ఉప్పు మరకలు. నన్ను చూసి గట్టెక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. నేను మిల్లు మనిషిని కానన్నాను, ఉత్త విద్యార్థిని అన్నాను. కుర్చీ వేయడం మా చదువులో గౌరవం అని, ఆఫీసరు గారికి కూడా ఈ ఆచారం తెలియదని చెప్పాను. క్లాసులో విన్నదంతా తెలుగులో పెట్టి చెప్పాను. ప్రతిదానికీ "అలాగేనమ్మా" అన్నాడు కాని కాలు కదపలేదు.

గవరయ్య ఇంటికి తీసుకెళ్ళి ఎండుచేపల పులుసు, అన్నం పెట్టాడు. నేను ఇంట్లో చేప ముట్టను. ఆ పూట ముట్టాను. తింటుండగా మర్యాదలన్నీ పక్కన పెట్టి, "తప్పు నాది. మీ మిల్లు సంగతి తెలుసుకోకుండా నేను చేసిన పని ఇది" అన్నాను.

సింహాచలం తినడం ఆపాడు.

"ఏటన్నావమ్మా?"

మళ్ళీ చెప్పాను.

"నాను పన్లో సేరిన కాణ్ణుంచీ ఆఫీసు గదిలోంచి ఈ మాట వినలేదు. మగ్గం ఆగితే నాదే తప్పు, నూలు తెగితే నాదే తప్పు." మళ్ళీ ముద్ద కలుపుతూ అడిగాడు. "ఆఫీసరు గోరి ముందర ఈ మాట అంటావా?"

"అంటాను."

"కాయితం మీద రాస్తావా? నోటి మాట రేపొద్దున ఎవులికీ గ్యాపకముండదు."

"రాసిస్తాను."

టోకెను ఇచ్చాను. చెయ్యి కడుక్కుని వచ్చి తీసుకున్నాడు. మధ్యాహ్నం బండికి ముగ్గురం బయల్దేరాం. దారిలో నరసమ్మ మా మీద జోకులేస్తూనే ఉంది. సింహాచలం ఒక్కసారి మాత్రం, మగ్గం మీద తన బదులు ఎవరిని పెట్టి ఉంటారో, వాడు దాని తోలు పట్టాలు సరిగ్గా బిగిస్తాడో లేదో అన్నాడు.

శుక్రవారం

రాత్రికి నరసమ్మ ఇంట్లో ఆగి, తెల్లవారుజామున పనివాళ్ళ రైల్లో వెళ్ళి కూతకు ముందే గేటు దాటాం. సింహాచలాన్ని వసారాలో నిలబెట్టి, నేను లోపలికి వెళ్ళి ఆఫీసరు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని విన్నారు. తరవాత ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపారు.

"కూత లోపల వచ్చినందున పేరు తీసివేయరు. కాని అతడు టోకెను ఎందుకు విడిచాడో హెడ్డాఫీసుకు నేను కారణం చూపవలెను. పొరపాటు మీదని మీరు రాసి సంతకం చేసినచో అతడిని ఈ పూటే పాత మగ్గం మీద నిలుపుతాను. లేనియెడల బదిలీ వరసలో మాత్రమే చేర్చగలను. ఆ కాగితం ప్రతి మీ కాలేజీకి కూడా పోవును. అది నియమం."

బదిలీ వాళ్ళంటే రోజూ పొద్దున గేటు లోపల వరసగా నిలబడేవాళ్ళు. ఆ రోజు ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట పని, లేకపోతే ఇంటికి. వాళ్ళకు సర్వీసు లెక్క ఉండదు, సింహాచలం పందొమ్మిదేళ్ళూ పోయినట్టే.

కలం తీసుకున్నాను. ‘తప్పు నాది’ అన్న మాట ఇంగ్లీషులో మూడు నాలుగు పదాలకు మించదు. ఆ కాగితం మా ప్రొఫెసర్ గారి బల్ల మీద పడటం కళ్ళకు కట్టింది. ఆ ఏడు మా క్లాసులో మొదటి స్థానం నాకే వస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఆలోచించి ఇలా రాశాను. స్థానిక ఆచారానికీ, ఆధునిక పద్ధతికీ మధ్య ఉన్న అంతరం వల్ల ఇరుపక్షాల మధ్య అపార్థం ఏర్పడినది, ఇందులో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు అని. దీంతో అతని మగ్గమూ, నా మార్కులూ రెండూ నిలుస్తాయని నిజంగానే అనుకున్నాను.

ఆఫీసరు గారు రెండుసార్లు చదివారు. "చాలా బాగా రాశారమ్మా" అన్నారు మెచ్చుకుంటూనే. "కాని దీని ప్రకారం ఎవరి పొరపాటూ లేదు. ఎవరి పొరపాటూ లేనప్పుడు, టోకెను తానుగా విడిచినది అతడే కదా." కలం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన కాసేపు నా వంక చూశారు, నాకు వ్యవధి ఇస్తున్నట్టుగా. నేను ఇంకో కాగితం అడగలేదు.

ఆ మాటలే తరవాత నా నివేదికలో చివరి పేజీ అయ్యాయి. ప్రొఫెసర్ గారు ఎర్ర సిరాతో పక్కన గీత గీసి, ఇలా నిష్పాక్షికంగా రాయడం నేర్చుకోవాలని క్లాసులో చదివి వినిపించారు. మొదటి స్థానం నాకే వచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బయటికొచ్చేసరికి సింహాచలానికి గుమస్తా అప్పటికే చెప్పేశాడు. అతను నా దగ్గరికి వచ్చాడు.

"బదిలీలో ఉండమన్నారమ్మా. పోనీలే, అది ఆళ్ళిష్టం. నువ్వు నాతో అన్న మాటే రాసినావు కదా?"

అతనికి ఇంగ్లీషు రాదు.

"రాశాను" అన్నాను.

"అయితే సాలు" అని నమస్కారం పెట్టి, గేటు దగ్గర బదిలీ వాళ్ళ వరసలో, అందరికన్నా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.